పిల్లల ఊబకాయం లెక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పోయిన ఏడాది మా పాప స్కూల్ నుంచి హెల్త్ కార్డు తెచ్చింది. దాని మీద ఎర్ర పెన్నుతో "అధిక బరువు" అని రాసి, కింద రెండు గీతలు గీశారు. ఆ రాత్రి అది అన్నం దగ్గర కూర్చుని మెతుకులు లెక్కపెట్టింది తప్ప తినలేదు. అప్పటి నుంచి ఈ కొలతలు ఎలా తీస్తారు, ఎవరు గీత గీస్తారు, పేపర్లో శాతాలు ఎక్కడి నుంచి వస్తాయి అని వెంటపడి చదువుతున్నాను. స్కూల్ గేటు దగ్గర, అపార్ట్‌మెంట్ గ్రూపులో, చుట్టాల ఇళ్లల్లో తల్లిదండ్రులు నన్ను మళ్లీమళ్లీ అడిగినవే కింద రాశాను. నేను డాక్టర్ని కాదు, మీ పిల్లల సంగతి మీ పిల్లల డాక్టరే చెప్పాలి. లెక్క సంగతి మాత్రం మనమూ అర్థం చేసుకోవచ్చు.

బీఎంఐ అసలు దేన్ని కొలుస్తుంది?

బరువుని, ఎత్తుని. అంతే. కిలోల్లో ఉన్న బరువుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె అది. కొవ్వుని కొలవదు. అందులో ఎముక ఎంత, కండ ఎంత, పొట్ట చుట్టూ పేరుకున్నది ఎంత అన్నది ఆ అంకెకి తెలియదు. 1830ల్లో బెల్జియం గణాంక శాస్త్రవేత్త క్వెట్లే "సగటు మనిషి" ఎలా ఉంటాడో చూద్దామని జనాభా లెక్కల కోసం ఈ పద్ధతి పట్టుకున్నాడు. 1972లో అమెరికాలో ఆన్సెల్ కీస్ దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. వేలమందిని ఒకేసారి చూడటానికి ఇది పనికొస్తుంది, చవక, సూది గుచ్చక్కర్లేదు. ఒక్క పిల్లని పట్టుకుని "నీకు జబ్బు" అని చెప్పడానికి మాత్రం ఇది చాలదు. జల్లెడ పట్టడానికి వాడాల్సిన దాన్ని తీర్పు చెప్పడానికి వాడుతున్నారన్నదే నా బాధ.

2025 జనవరిలో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ కూడా ఇదే చెప్పింది. బీఎంఐ ఒక్కదాన్ని చూసి ఊబకాయం అని తేల్చవద్దని, నడుము కొలత లాంటిది ఇంకొకటి కలిపి చూడాలని, ఒంట్లో అవయవాలకు ఇబ్బంది మొదలైందా లేదా అన్నది వేరుగా చెప్పాలని ఆ నిపుణులు రాశారు.

పెద్దవాళ్లకి 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అంటారు కదా, పిల్లలకీ అదేనా?

కాదు, పిల్లలకి అసలు ఒక అంకె ఉండదు. పుట్టిన మొదటి ఏడాది బీఎంఐ పెరుగుతుంది, తర్వాత నడక, పరుగు వచ్చాక తగ్గుతూ పోయి ఐదారేళ్లకి అట్టడుక్కి వస్తుంది, అక్కడి నుంచి మళ్లీ పైకి. ఆ ఐదారేళ్ల వయసులోనే మన ఇళ్లల్లో "పిల్లాడు చిక్కిపోయాడు, గాలికి ఊదేస్తే పడిపోయేలా ఉన్నాడు" అని అమ్మమ్మలు గోల పెట్టేది, అది చాలామందిలో మామూలు ఎదుగుదలే. కాబట్టి వయసుని బట్టి, ఆడా మగా బట్టి పట్టికలో చూడాలి. ఫోన్లో పెద్దవాళ్ల బీఎంఐ కాలిక్యులేటర్ తెరిచి తొమ్మిదేళ్ల పిల్లాడి అంకెలు కొట్టి "16 వచ్చింది, బక్కగా ఉన్నాడు" అని కంగారుపడేవాళ్లని చూశాను. డబ్ల్యూహెచ్‌ఓ పట్టికలో తొమ్మిదేళ్ల మగపిల్లలకి మధ్య గీత, అంటే సగం మంది పైన, సగం మంది కింద ఉండే గీత, సరిగ్గా 16 దగ్గరే ఉంది.

ఒక డాక్టరు నార్మల్ అన్నారు, ఇంకో డాక్టరు అధిక బరువు అన్నారు. ఎవరిది తప్పు?

ఎవరిదీ కాకపోవచ్చు. ఇద్దరూ వేర్వేరు చార్టులు చూసి ఉంటారు. మన దగ్గర వాడుకలో ఉన్నవి ఒకటి కాదు. ఐదేళ్ల లోపు పిల్లలకి డబ్ల్యూహెచ్‌ఓ 2006 ప్రమాణాలు. ఇవి బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా, ఈ ఆరు దేశాల్లో తల్లిపాలు, ఆరోగ్యం, ఇల్లూ వాకిలీ బాగున్న పిల్లల్ని కొలిచి తయారుచేసినవి, మన దేశం నుంచి ఢిల్లీ పిల్లలు ఉన్నారు. ఐదు దాటితే డబ్ల్యూహెచ్‌ఓ 2007 పట్టిక ఉంది. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్లు 2015లో 5 నుంచి 18 ఏళ్ల వాళ్లకి మన పిల్లల కొలతలతో వేరే చార్టు ఇచ్చారు, పిల్లల డాక్టర్లు చాలామంది దీన్నే చూస్తారు. అమెరికాది ఇంకొకటి. 2000లో ఆరు దేశాల లెక్కలతో వచ్చిన అంతర్జాతీయ చార్టు మరొకటి.

గీతలు ఎక్కడ గీశారన్నది చూస్తే తేడా తెలుస్తుంది. అంతర్జాతీయ చార్టు పెద్దయ్యాక 25కి, 30కి చేరే దారిని పట్టుకుంది. మన అకాడమీ చార్టు 23కి, 27కి చేరే దారిని పట్టుకుంది, ఎందుకంటే మనవాళ్లకి సుగరు, గుండె జబ్బుల ముప్పు తక్కువ బీఎంఐ దగ్గరే మొదలవుతోంది. కాబట్టి 18 ఏళ్ల కుర్రాడికి బీఎంఐ 24 ఉంటే అంతర్జాతీయ చార్టు ప్రకారం మామూలు, మన అకాడమీ ప్రకారం అధిక బరువు. కుర్రాడు ఒక్కడే, వాడి ఒంట్లో గ్రాము మారలేదు.

ఇంకో విచిత్రం చెప్తాను. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలోనే ఐదేళ్ల లోపు పిల్లలకి మధ్య గీత నుంచి రెండు మెట్లు (చార్టులో గీతకి గీతకి మధ్య దూరం, స్టాండర్డ్ డీవియేషన్ అంటారు) పైన ఉంటేనే అధిక బరువు అంటారు. ఐదు దాటగానే ఒక్క మెట్టు దాటితే చాలు. అంటే ఒకటిన్నర మెట్టు పైన ఉన్న పిల్ల ఐదో పుట్టినరోజుకి ముందు ఆ జాబితాలో ఉండదు, కేకు కోసిన మర్నాడు ఉంటుంది. చిన్న పిల్లలకి తిండి తగ్గించేయకూడదన్న జాగ్రత్తతో అలా పెట్టారు, అందులో తప్పు లేదు, కానీ ఐదేళ్ల లోపు శాతాన్ని, ఐదు దాటిన వాళ్ల శాతాన్ని పక్కపక్కన పెట్టి "వయసుతో పాటు ఇంత పెరిగిపోయింది" అని రాస్తే మాత్రం అది తప్పు.

95వ పర్సెంటైల్ దాటితే ఊబకాయం అంటారు, మరి దాటేది వందలో ఐదుగురే ఉండాలి కదా? అమెరికాలో 20 శాతం అంటారేంటి?

మంచి ప్రశ్న. 95వ పర్సెంటైల్ అంటే వందమంది పిల్లల్ని బీఎంఐ వరుసలో నిలబెడితే కింది నుంచి 95వ చోటు. ఆ వందమంది ఇప్పటి పిల్లలు కాదు. అమెరికా చార్టు 1963 నుంచి 1994 మధ్య కొలిచిన పిల్లలతో తయారైంది, బీఎంఐ గీతల కోసమైతే ఆరేళ్లు దాటిన పిల్లల విషయంలో చివరి సర్వేని పక్కన పెట్టారు కూడా, అప్పటికే బరువులు పెరిగిపోయాయని. ఆనాటి వరుసలో ఈనాటి పిల్లల్ని నిలబెడితే 2 నుంచి 19 ఏళ్ల వాళ్లలో 19.7 శాతం ఆ గీత దాటుతున్నారు, ఇది 2017 నుంచి 2020 మార్చి వరకు తీసిన లెక్క. అంటే పెరుగుదల నిజం. గీత మాత్రం ప్రకృతి గీసింది కాదు.

పేర్లు మార్చడం వల్ల కూడా లెక్క పెరుగుతుందా?

పెరిగినట్టు కనిపిస్తుంది. అమెరికాలో 2007 నాటి నిపుణుల సిఫార్సుకి ముందు 85 నుంచి 95 మధ్య ఉన్న పిల్లల్ని "అధిక బరువు ముప్పు ఉన్నవాళ్లు" అనేవారు, 95 దాటితే "అధిక బరువు" అనేవారు. ఆ తర్వాత మొదటి గుంపుకి అధిక బరువు, రెండో గుంపుకి ఊబకాయం అని పేరు. పాత రిపోర్టు, కొత్త రిపోర్టు పక్కన పెట్టుకుని చదివేవాళ్లు ఇది చూసుకోవాలి.

స్కూల్లో కొలిచింది తప్పు కావచ్చా?

కావచ్చు, చాలాసార్లు అవుతుంది. మా పాప కార్డు మీద ఎత్తు 134 సెంటీమీటర్లు, బరువు 35 కిలోలు. బీఎంఐ 19.5. పదేళ్ల ఆడపిల్లలకి డబ్ల్యూహెచ్‌ఓ గీత 19.0, కాబట్టి అధిక బరువు. నేను ఇంట్లో జడలు విప్పించి, గౌనుతో గోడకి నిలబెట్టి అట్ట పుస్తకం తలమీద ఆనించి గీత గీసి కొలిస్తే 137 వచ్చింది. పొద్దున్నే పాలు కూడా తాగకముందు బరువు 34.4. బీఎంఐ 18.3. గీతకి బాగా కింద.

మూడు సెంటీమీటర్లు ఎక్కడికి పోయాయా అని స్కూల్‌కి వెళ్లి చూశాను. ఆటల గదిలో గోడకి ప్లాస్టిక్ టేపు అంటించారు. గోడ అడుగున టైల్ మీద జిగురు పట్టలేదట, కొంచెం పైకి జరిపి అతికించారు. టేపు మీద సున్నా నేల మీద లేదు, నేలకి మూడు సెంటీమీటర్ల పైన ఉంది. అంటే మా పాప ఒక్కతే కాదు, ఆ గోడ దగ్గర నిలబడ్డ ప్రతి పిల్లా మూడు సెంటీమీటర్లు పొట్టి అయ్యారు. ఎత్తు తగ్గితే బీఎంఐ పెరుగుతుంది, అది కూడా రెండింతలుగా, ఎందుకంటే ఎత్తుతో రెండుసార్లు భాగిస్తాం. ఆ స్కూల్ లెక్క ఏదైనా సర్వేలో కలిస్తే ఎంతమంది పిల్లలు ఊరికే జాబితాలోకి వచ్చేవారో ఆలోచించండి. ఇక బరువు చూసింది మధ్యాహ్నం భోజనం అయ్యాక, బెల్టు, ఐడీ కార్డు, జేబులో కంపాస్ సామాను అన్నీ ఉండగా.

ఒక్క సెంటీమీటరు చాలు. పదేళ్ల బాబు, 35 కిలోలు. ఎత్తు 138 అయితే బీఎంఐ 18.4, గీత 18.5, నార్మల్. ఎత్తు 137 అయితే 18.6, అధిక బరువు. ఎవరైనా సరే పొద్దున ఉన్నంత పొడుగు సాయంత్రానికి ఉండరు, వెన్నుపూసల మధ్య మెత్తటి భాగం కుంగి దాదాపు సెంటీమీటరు తగ్గుతారు. గీతకి దగ్గరగా ఉన్న పిల్లకి ఏ పూట కొలిచారన్నది కూడా తేడానే.

కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ తప్పు వస్తే సర్దుకుపోతుంది కదా?

సగటు తీసేటప్పుడు సర్దుకుంటుంది. గీత దాటిన వాళ్లని లెక్కపెట్టేటప్పుడు సర్దుకోదు. మధ్యలో ఉండాల్సిన పిల్లలు కొందరు తప్పు కొలత వల్ల ఈ చివరికి, కొందరు ఆ చివరికి జరుగుతారు. దాంతో బక్కపిల్లల శాతమూ పెరుగుతుంది, అధిక బరువు శాతమూ పెరుగుతుంది, ఒకేసారి. చిన్నపిల్లల్ని కొలవడం మరీ కష్టం, రెండేళ్ల లోపు వాళ్లని పడుకోబెట్టి కొలవాలి, వాళ్లేమో ఏడుస్తూ కాళ్లు ముడుచుకుంటారు. నిలబెట్టి కొలిస్తే 0.7 సెంటీమీటర్లు కలుపుకోమని డబ్ల్యూహెచ్‌ఓనే చెప్పింది. అంగన్‌వాడీ టీచర్లు ఇదంతా వంటా, రిజిస్టర్లూ, ఫోన్లో యాప్ నింపడం మధ్యలో చేస్తున్నారు. వాళ్లని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, వాళ్లకి మంచి పరికరం, ఇద్దరు మనుషులు, కొంచెం టైమ్ ఇవ్వాలి.

పుట్టిన తేదీకి దీనికీ ఏమిటి సంబంధం?

చాలా ఉంది, మన ఊళ్లలో మరీనూ. స్కూల్లో వేసేటప్పుడు జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేయించడం మనకి కొత్తేం కాదు. బీఎంఐ 18.4 ఉన్న బాబుకి నిజంగా పదేళ్లయితే నార్మల్. కాగితం మీద తొమ్మిదేళ్లే ఉంటే గీత 17.9 కాబట్టి అధిక బరువు. డాక్టరు దగ్గర అసలు పుట్టిన తేదీ చెప్పండి, సర్టిఫికెట్ తేదీ కాదు.

ఒక పేపర్లో 3 శాతం అని, ఇంకో పేపర్లో నలుగురిలో ఒకరు అని రాస్తారు. ఏది నమ్మాలి?

రెండూ నిజమే కావచ్చు, రెండూ ఒకే పిల్లల గురించి కాదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీసుకోండి. 2015-16లో ఐదేళ్ల లోపు పిల్లల్లో అధిక బరువు 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. ఇది దేశమంతా, ఊళ్లూ పట్నాలూ కలిపి, పైన చెప్పిన రెండు మెట్ల గీతతో. అదే సర్వేలో 35.5 శాతం పిల్లలు వయసుకి తగ్గ ఎత్తు లేరు, 19.3 శాతం ఎత్తుకి తగ్గ బరువు లేరు. ఆ సర్వేలో 5 నుంచి 14 ఏళ్ల పిల్లల బరువు తీయరు. బడి వయసు పిల్లల కోసం 2016-18లో సమగ్ర జాతీయ పోషకాహార సర్వే జరిగింది. అందులో 5 నుంచి 9 ఏళ్ల వాళ్లలో 4 శాతం, 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో 5 శాతం అధిక బరువు ఉన్నారు, మరో పక్క ఈ రెండు వయసుల్లోనూ దాదాపు నాలుగో వంతు మంది బక్కగా ఉన్నారు.

ఇక నలుగురిలో ఒకరు అన్న మాట ఎలా వస్తుంది? పట్నంలో ఫీజులు ఎక్కువున్న ప్రైవేటు స్కూళ్లలో కొలుస్తారు, మన అకాడమీ తక్కువ గీత వాడతారు, అధిక బరువునీ ఊబకాయాన్నీ కలిపేస్తారు. ఆ మూడూ కలిస్తే శాతం ఎగబాకుతుంది. ఆ స్కూళ్ల వరకు అది పట్టించుకోవాల్సిన సంగతే. కానీ శీర్షికలో "తెలుగు పిల్లల్లో" అని పెట్టేసరికి ఆదిలాబాద్ గూడెంలో పిల్ల, బంజారాహిల్స్‌లో పిల్ల ఒకటైపోతారు.

వార్త చదివేటప్పుడు నేను చూసుకునేవి ఇవే: ఏ వయసు, ఏ చార్టు, ఎవరిని కొలిచారు, నిజంగా కొలిచారా లేక తల్లిదండ్రుల్ని అడిగి రాసుకున్నారా, అధిక బరువా ఊబకాయమా రెండూ కలిపా.

భారత్‌లో పిల్లల ఊబకాయం ముప్పై రెట్లు పెరిగిందన్నారు. నిజమా?

2024లో లాన్సెట్‌లో వచ్చిన లెక్క అది. 5 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ఊబకాయం ఉన్నవారు 1990లో 4 లక్షలు, 2022లో 1 కోటి 25 లక్షలు. భాగిస్తే ముప్పై రెట్లు దాటుతుంది. అదే లెక్కని ఇంకోలా చెప్తే, ఆడపిల్లల్లో 0.1 శాతం నుంచి 3.1కి, మగపిల్లల్లో 0.1 నుంచి 3.8కి. మొదలు దాదాపు సున్నా అయితే రెట్లు ఎప్పుడూ భయంకరంగా ఉంటాయి. మూడు అంకెలూ రాస్తే చదివేవాడికి సంగతి తెలుస్తుంది, ఒక్కటే రాస్తే టెన్షన్ మిగులుతుంది. పైగా ఇది ప్రపంచమంతా 3,663 అధ్యయనాలు పోగుచేసి, కొలతలు లేని ఏళ్లకి, చోట్లకి గణిత నమూనాతో అంచనా కట్టిన లెక్క. పద్ధతి మంచిదే, కానీ అంచనా అన్న మాట వార్తలో ఉండాలి.

ప్రపంచంలో బక్కపిల్లల కంటే ఊబకాయం పిల్లలే ఎక్కువయ్యారట కదా?

యునిసెఫ్ 2025 సెప్టెంబరులో చెప్పింది, 5 నుంచి 19 ఏళ్ల వాళ్లలో 9.4 శాతం ఊబకాయం, 9.2 శాతం తక్కువ బరువు అని. అదే రిపోర్టులో దక్షిణాసియా, సహారాకి దిగువ ఆఫ్రికా ఇంకా అలా మారలేదని కూడా ఉంది. మనం ఉండేది దక్షిణాసియాలో. మన పత్రికలు చాలావాటిలో ఆ రెండో వాక్యం కనబడలేదు. గుడ్డు, పాలు అందని పిల్లలు ఇంతమంది ఉన్నచోట ఆ వాక్యం వదిలేయడం నాకు చిన్న తప్పులా అనిపించదు.

అయితే మా పిల్ల సన్నగా ఉంది, భయం లేదన్నమాటేనా?

లేదు, మన దగ్గర బీఎంఐ ఘోరంగా తప్పేది ఇక్కడే. పుణె దగ్గర పల్లెల్లో డాక్టర్ యాజ్ఞిక్ బృందం పుట్టిన బిడ్డల్ని ఇంగ్లండ్ సౌతాంప్టన్ బిడ్డలతో పోల్చి చూసింది. మన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, వాళ్లది 3.5. కండ, పొట్టలోని అవయవాలు మనవాళ్లకి బాగా తక్కువ, వీపు మీద చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. చూడ్డానికి సన్నం, లోపల కొవ్వు. అలాంటి పిల్ల బీఎంఐ గీతకి చాలా కింద ఉంటుంది, కార్డు మీద నార్మల్ అని పడుతుంది, ఎవరూ మళ్లీ చూడరు.

పైన చెప్పిన 2016-18 సర్వేలో 5 నుంచి 19 ఏళ్ల వాళ్లలో పదిమందిలో ఒకరికి హెచ్‌బీఏ1సీ పరీక్ష (రెండు మూడు నెలల సగటు సుగరు చూపే రక్త పరీక్ష) సుగరుకి ముందు దశలో వచ్చింది. అధిక బరువు ఉన్నది నాలుగైదు శాతమే అని గుర్తుపెట్టుకోండి. ఐరన్ లోపం, రక్తహీనత ఉంటే ఆ పరీక్ష కొంచెం ఎక్కువ చూపిస్తుంది, మన పిల్లల్లో రక్తహీనత చాలా ఉంది, కాబట్టి ఈ పదిని కూడా జాగ్రత్తగానే చదవాలి. అయినా బరువు ఒక్కటే చూస్తే సరిపోదన్నది ఖాయం.

మరి ఏది చూడాలి?

నడుము కొలత ఎత్తులో సగం దాటకుండా ఉండటం ఒక సులువైన గుర్తు, బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు ఐదేళ్లు దాటిన పిల్లలకి కూడా దీన్ని చూడొచ్చని 2022లో చెప్పాయి. దారం తీసుకుని పిల్ల ఎత్తంత కత్తిరించి సగానికి మడిచి నడుం చుట్టూ పెట్టినా తెలిసిపోతుంది. రెండోది, ఒక్క కొలత కాదు, ఆరునెలలకోసారి తీసిన కొలతలు చార్టు మీద ఏ దారిలో వెళ్తున్నాయన్నది. ఎప్పుడూ పై గీత వెంబడే వెళ్లే దిట్టమైన పిల్ల వేరు, ఏడాదిలో రెండు గీతలు దాటి పైకెక్కిన పిల్ల వేరు.

మూడోది మెడ. మెడ వెనక, చంకల్లో నల్లగా, వెల్వెట్ గుడ్డలా మందంగా అయితే అది మట్టి కాదు. సున్నిపిండి పెట్టి రుద్ది రుద్ది పిల్లని ఏడిపించిన తల్లులు నాకు తెలుసు. ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదని ఒళ్లు చెప్తున్న గుర్తు కావచ్చు అది, డాక్టరుకి చూపించండి. గురక, ఆయాసం, మోకాళ్ల నొప్పి ఉన్నా అంతే.

ఇదంతా చదివితే ఊబకాయం అబద్ధమంటున్నట్టుంది.

అనడం లేదు. పదేళ్లకే కాలేయానికి కొవ్వు పట్టిన పిల్లలు, పన్నెండేళ్లకి బీపీ మాత్ర వేసుకునే పిల్లలు ఉన్నారు. ఆటస్థలం లేని స్కూళ్లు, పది రూపాయల ప్యాకెట్లు, ట్యూషన్ నుంచి ట్యూషన్‌కి ఆటోలో తిరిగే సాయంత్రాలు కళ్లెదుటే ఉన్నాయి. అందుకే కొలత సరిగ్గా ఉండాలంటున్నాను. తప్పు కొలిస్తే అవసరం లేని పిల్ల అన్నం మానేస్తుంది, అవసరమున్న పిల్ల జల్లెడలోంచి జారిపోతుంది.

స్కూళ్లు బీఎంఐ కార్డులు ఇంటికి పంపితే పిల్లల బరువు తగ్గుతుందా?

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం 2003 చట్టంతో ఈ కార్డులు మొదలుపెట్టింది. తర్వాత కాలిఫోర్నియాలో 79 స్కూళ్లలో పద్ధతిగా పరీక్షించి చూశారు, కొన్ని స్కూళ్లు బరువు తీసి కార్డు పంపాయి, కొన్ని తీసినా పంపలేదు, కొన్ని బరువే తీయలేదు. కార్డు పంపినందువల్ల పిల్లల బీఎంఐలో మార్పేమీ రాలేదు. స్కూల్లో బరువు తీసిన పిల్లలకి మాత్రం తమ ఒంటి మీద అసంతృప్తి పెరిగింది.

ఇంగ్లండ్‌లో ఇంకో తిరకాసు ఉంది. అక్కడ నాలుగైదేళ్లప్పుడు ఒకసారి, పది పదకొండేళ్లప్పుడు ఒకసారి ప్రభుత్వ బడుల్లో బరువు చూస్తారు. దేశం లెక్కకి 85, 95 పర్సెంటైల్ గీతలు. ఇంటికి పంపే ఉత్తరానికి 91, 98 గీతలు. మధ్యలో ఉన్న పిల్ల ఇంటికి "బరువు బాగానే ఉంది" అని ఉత్తరం వస్తుంది, అదే పిల్ల దేశం లెక్కలో అధిక బరువు కింద పడుతుంది. అక్కడున్న తెలుగువాళ్లు ఉత్తరం, వార్త రెండూ చదివి తికమక పడితే కారణం ఇదే.

మా స్కూల్ వాళ్లని ఏం అడగొచ్చు?

గట్టిగా కాకుండా, కానీ వదలకుండా అడగండి. టేపు సున్నా నేల మీద ఉందా, బూట్లు, జడ పైకి చుట్టిన ముడి తీయిస్తున్నారా, తూకం యంత్రాన్ని తెలిసిన బరువుతో సరిచూశారా, ఏ చార్టు చూసి రాస్తున్నారు, అంకె ఎవరైనా పైకి చదువుతున్నారా. ఈ చివరిది ముఖ్యం. మా పాపకి 35 అన్న అంకె బాధ పెట్టలేదు, పీఈటీ సార్ దాన్ని పైకి చదివితే రాసుకునే అమ్మాయి "ఎంత సార్?" అని మళ్లీ అడిగిందట, వెనక లైన్‌లో నవ్వారట. అది బాధ పెట్టింది.

చెప్తే వింటారా?

మా స్కూల్లో విన్నారు. పీఈటీ సార్‌ని పిలిచి, నేను తెచ్చిన బట్టలు కొలిచే టేపుని నేల నుంచి ఆ ప్లాస్టిక్ టేపు పక్కన పట్టుకుని చూపించాను. ఆయన కాసేపు చూసి, గోరుతో అడుగునుంచి టేపు పీకడం మొదలుపెట్టారు. మర్నాడు దాన్ని నేలకి ఆనించి మేకులు కొట్టారు. ఆ శనివారం ఐదో తరగతి రెండు సెక్షన్లనీ మళ్లీ కొలిచాం, బూట్లు గుమ్మం బయట విప్పించి, తలుపు దగ్గరగా వేసి, ఒక్కొక్కరిని లోపలికి పిలిచి, అంకె నేనే చూసి నేనే రాసుకుని. పాత కార్డు మీద ఎర్ర గీతలున్న వాళ్లు పదకొండు మంది. కొత్త కొలతలో నలుగురు. ఆ నలుగురి తల్లిదండ్రులకి కార్డు ఇవ్వలేదు, క్లాస్ టీచర్ ఫోన్ చేసి, వీలైనప్పుడు రమ్మని పిలిచి మాట్లాడారు. అంతకుముందు ఒక్క గీతా లేని ఒక సన్నటి బాబు మెడ వెనక నలుపు కనబడితే వాళ్లమ్మగారికీ చెప్పాం.